పిలకాయల్ని చట్టంతో కూర్చోబెట్టడం ఎలా?

ప్రభుత్వ బడుల్లో క్రమశిక్షణ పోయిందని మీకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందన్నది అనవసరం. వాట్సాప్‌లో వీడియో వచ్చి ఉండొచ్చు. బస్టాండులో ఓ పిల్లోడు మిమ్మల్ని చూసి కూడా లేచి నిలబడకపోయి ఉండొచ్చు. బడికి వెళ్లి చూశారా అని ఎవరైనా అడిగితే తొణక్కండి. వెళ్లాల్సిన పని లేదు. వెళ్లి పది నిమిషాలు వెనక బెంచీలో కూర్చున్నారంటే, ఏ పిల్ల ఎందుకు అల్లరి చేస్తోందో కొంచెం కొంచెంగా అర్థం కావడం మొదలవుతుంది. అర్థమైతే బిల్లు రాయడానికి చేతులు రావు.

కనుక నేరుగా బిల్లుకే వద్దాం. పైలట్ ప్రాజెక్టుకి మదనపల్లె, పుంగనూరు, కుప్పం తీసుకోండి. కుప్పం 1989 నుంచి చంద్రబాబు నాయుడి నియోజకవర్గం కాబట్టి కాగితాలు త్వరగా కదులుతాయి. పుంగనూరులో ఈ విషయానికి సంబంధించి ఇప్పటికే కావలసినన్ని కేసులున్నాయి. మదనపల్లెలో చరిత్ర ఉంది. ఆ చరిత్రతోనే కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

పేరు

ముందు పేరు చూడండి. బిల్లులో అందరూ చదివేది అదొక్కటే. 'క్రమశిక్షణ', 'సంస్కారం', 'సత్ప్రవర్తన', ఈ మూడూ పడేలా రాయించండి. ఏ మహానుభావుడి పేరు తగిలించాలన్న దగ్గర మాత్రం తొందరపడకండి. మధ్యాహ్న భోజనం మొన్నటిదాకా గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు. అన్నం, పప్పు, గుడ్డు అవే. అమ్మ ఒడి తల్లికి వందనం అయింది. అందుకని పేరుని గోడ మీద పెయింటుతో రాయించొద్దు, ఫ్లెక్సీ చాలు.

ఉద్దేశాలు, కారణాలు

ప్రతి బిల్లుకీ ఈ పేజీ ఉంటుంది. స్థానిక చరిత్ర కాస్త కలిపితే సభలో బల్లలు మోగుతాయి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారని రాయండి. అక్కడితో చుక్క పెట్టేయండి. ఇంకో వాక్యం రాశారంటే, మద్రాసు మైలాపూరు బడిలో ఆ పిల్లవాడికి పాఠం ఎక్కక బెత్తం దెబ్బలు తిన్నాడనీ, మొద్దు అనిపించుకున్నాడనీ, దివ్యజ్ఞాన సమాజం వాళ్లు చేరదీసి ఆ బడి మాన్పించాకే దెబ్బలు తప్పాయనీ రాయాల్సి వస్తుంది. ఆ మొద్దు పిల్లవాడు పెద్దయ్యాక భయం గురించి దేశదేశాల్లో ఏం మాట్లాడాడో తెలిసిన సభ్యుడు ప్రతిపక్షంలో ఒక్కడున్నా మీకు ఇబ్బందే. ఉండడనే ధైర్యంతో ముందుకి పొండి.

మదనపల్లె బీటీ కాలేజీ జోలికి అసలే వెళ్లొద్దు. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అది. 1917లో హోం రూల్ గాలి గట్టిగా వీస్తున్నప్పుడు మద్రాసు ప్రభుత్వం అచ్చం మీలాగే ఆలోచించింది. విద్యార్థులు రాజకీయ సభలకి పోకూడదని ఉత్తర్వు ఇచ్చింది. జూన్‌లో బిసెంట్‌ని నిర్బంధించింది. ఆ డిసెంబరుకల్లా ఆవిడ కాంగ్రెస్ అధ్యక్షురాలు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ వచ్చి ఆ కాలేజీలో దిగి, జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. రాష్ట్రంలో ఇవాళ ఏ బడిలోనైనా పిలకాయలంతా ఒక్కసారిగా, ఎవరూ గదమాయించకుండా, కదలకుండా నిలబడేది రోజుకి ఆ పాట పాడే 52 సెకన్లే. ఆ పాటకి ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న కాలేజీ, పిల్లల్ని అదుపులో పెట్టమని సర్కారు ఉత్తర్వులిచ్చిన రోజుల్లో ఆ మాట వినని మనుషుల చేతుల్లో ఉండేదని సభలో తెలిస్తే బాగుండదు.

రాయచోటి సంగతి మాత్రం తప్పకుండా రాయండి. 2024 డిసెంబరులో అక్కడి జిల్లా పరిషత్ ఉర్దూ హైస్కూల్లో పనిచేసే టీచరు ఒకరు చనిపోయారు. తొమ్మిదో తరగతి పిల్లలు దాడి చేశారని ఆరోపణ. ఆ ఇంట్లో వాళ్లకి మీరు గానీ నేను గానీ చెప్పగలిగిన మాట లేదు. అయితే మీకు కావలసింది ఒక్క వాక్యమే కదా. అంత పెద్ద బడిలో అల్లరి మొదలైన నిమిషాన ఆయన పక్కన ఇంకెవరైనా ఉన్నారా, పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడే మనిషి ఆ బడికి గానీ మండలానికి గానీ ఎప్పుడైనా వచ్చారా, వంటి ప్రశ్నలు ఈ పేజీలో పట్టవు.

చదవకూడని చట్టాలు

కొత్త చట్టం రాసేవాడు పాతవి చదవకూడదు. చదివితే ఉత్సాహం చచ్చిపోతుంది. బడుల్లో పిల్లల్ని కొట్టకూడదని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలోనే జీవో 16తో నిబంధన మార్చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపుని కూడా నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి పంపెయ్యడానికి లేదు. 2019లో సవరించి ఐదులో, ఎనిమిదిలో ఫెయిల్ చేసే వీలిచ్చారు గానీ టీసీ చేతిలో పెట్టి పొమ్మనే వీలు ఇవ్వలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్, పిల్లల్ని హింసించిన వాళ్లకి మూడేళ్ల జైలు దాకా వేస్తుంది. పిల్లల బాగోగులు చూడాల్సిన సంస్థలో ఉద్యోగి అయితే ఐదేళ్ల దాకా, జరిమానా 5 లక్షల దాకా పెంచుతుంది.

ఇన్ని ఉండగా మళ్లీ ఒకటెందుకని ఎవరైనా అడిగితే ధైర్యంగా చెప్పండి: అవన్నీ పెద్దవాళ్లని అదుపులో పెట్టే చట్టాలు, అందుకే అవి నడవలేదు. మనది పిల్లల్ని పెట్టేది. పిల్లలకి ఓటు లేదు, సంఘం లేదు, వాళ్లు సమ్మె నోటీసివ్వరు, ట్రిబ్యునల్‌కి పోరు.

ఒక లాయరు వచ్చి, విద్య 1976 సవరణతో ఉమ్మడి జాబితాలోకి పోయిందనీ, కేంద్ర చట్టానికి అడ్డం వచ్చే రాష్ట్ర చట్టం నిలబడాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలనీ భయపెడతాడు. భయపడకండి, అది వరం. సభలో పాస్ చేసి ఢిల్లీకి పంపేయండి. "బిల్లు ఢిల్లీలో ఉంది" అన్న మాటకి మించిన సుఖం పరిపాలనలో ఇంకోటి లేదు. ఆ మాట చెబుతూ రెండు ఎన్నికలు దాటొచ్చు. ముసాయిదా కాపీలు మాత్రం నాలుగు చోట్ల ఉంచండి. మదనపల్లెలో ఒక్కచోటే పెట్టుకుంటే, 2024 జులైలో సబ్ కలెక్టరాఫీసు ఫైళ్లకి ఒక రాత్రి పట్టిన గతి పట్టొచ్చు.

నిర్వచనాలు

జుట్టుకి ఒక అధ్యాయం మొత్తం కేటాయించండి. చదువు ఎలా ఉందో తెలుసుకోవాలంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి, కాపీ దిద్దాలి. జుట్టయితే గేటు దగ్గర్నుంచే కనబడుతుంది. పుష్ప సినిమా చూసి పిల్లలు పాడైపోతున్నారని 2025లో హైదరాబాదులో ఒక టీచరమ్మ బాధపడిన వీడియో ఊరూరా తిరిగింది. మన చిత్తూరు వైపు వాళ్లకి ఇందులో ఇంకో చిక్కుంది. ఆ సినిమాలో హీరో మాట్లాడేది మన యాసే. పుంగనూరు పిలకాయ నోరు తెరిస్తే అది సినిమా చూసి నేర్చిందా, వాళ్ల నాయన దగ్గర నేర్చిందా అని తేల్చడానికి నిపుణుల కమిటీ ఒకటి బిల్లులోనే వేసేయండి. టీఏ డీఏలు వేరే జీవోలో చూసుకోవచ్చు.

"తరగతిలో మాట్లాడటం" నేరమని రాసేటప్పుడు కుప్పాన్ని దృష్టిలో పెట్టుకోండి. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. పిల్ల ఇంట్లో అవ్వతో తమిళం, అంగట్లో కన్నడం, బడి ఆటస్థలంలో తెలుగు. ఈ మూడింటి కలయికలో చదువు ఉందని నమ్మి 1997లో ఆ ఊళ్లో ద్రావిడ విశ్వవిద్యాలయమే పెట్టారు. బడిలో మాత్రం పాఠం ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష. తొమ్మిదో తరగతి వెనక బెంచీలో ఒకడుంటాడు. ఇంట్లో తమిళం వాడు. ఎదురుగా భౌతికశాస్త్రం తెరిచి ఉంది. ఎడమ పేజీ వాడికి రాదు. కుడి పేజీని కూడబలుక్కుంటూ రెండు వరుసలు చదివేసరికి సార్ పేజీ తిప్పమంటాడు. వాడు కాసేపు కిటికీలోంచి చూస్తాడు, కాసేపు పెన్ను మూతతో ఈల వేయడం సాధన చేస్తాడు. సరిగ్గా ఇక్కడ మీ చట్టం పనికొస్తుంది. ఈలకి నిర్వచనం రాయండి: "నోటితో గానీ, పెన్ను మూతతో గానీ, తత్సమానమైన ఇతర సాధనముతో గానీ..." ఈల ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి అనువాద సమస్య రాదు. పేజీ సంగతి ఎత్తొద్దు. పేజీ విద్యాశాఖది, ఈల పిల్లోడిది.

శిక్షల షెడ్యూలు

మన సంప్రదాయంలో కొరతేమీ లేదు. కోదండం వేయడం, గోడకుర్చీ, తొడపాశం, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం, స్కేలు నిలువుగా పట్టి కణుపుల మీద కొట్టడం. "మేమివన్నీ తిన్నాం, ఇంతవాళ్లమయ్యాం" అని చెప్పే పెద్దమనుషుల్ని వేదిక మీదికి పిలవండి. వాళ్లతో పాటు ఒకటో తరగతిలో పలక పట్టుకుని కూర్చున్న వాళ్లలో ఎందరు ఐదో తరగతి దాకా మిగిలారో మాత్రం అడక్కండి. దెబ్బలకి జడిసి బడి మానేసిన వాళ్లు క్రమశిక్షణ సదస్సులకి వక్తలుగా రారు. బర్రెలు కాయడానికో, బెల్దారి పనికో పోయి ఉంటారు.

ఉదాహరణలకి దూరం పోనక్కర్లేదు. పుంగనూరులోనే 2018 డిసెంబరులో, ఆలస్యంగా వచ్చారని ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లల చేత బట్టలు విప్పించి ఎండలో నిలబెట్టారు. ఫొటోలు బయటికొచ్చాక అధికారులు ఆ స్కూలు మీద చర్య తీసుకున్నారు. 2019 నవంబరులో కదిరిలో ఒక మునిసిపల్ బడిలో పసిపిల్లలిద్దరిని తాడుతో బెంచీకి కట్టేశారు. 2025 సెప్టెంబరులో మళ్లీ పుంగనూరు. ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి పాప అల్లరి చేస్తోందని టీచరు బ్యాగుతో తల మీద కొట్టారు, బ్యాగులో స్టీలు టిఫిన్ బాక్సు ఉంది. పాప తలనొప్పి అంటుంటే ఇంట్లోవాళ్లు ఆస్పత్రులు తిప్పారు. చివరికి స్కాన్ తీస్తే పుర్రె ఎముక చిట్లిందని తేలినట్టు పత్రికలు రాశాయి.

2002 నిబంధన ఉంది, 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉంది, 2015 చట్టం ఉంది. ఆ క్షణంలో ఆ చేతికి ఏదీ అడ్డం పడలేదు. ఇది చూసి, చట్టం చేసినంత మాత్రాన క్లాసు మారదేమో అన్న అనుమానం మీకు రానివ్వకండి. దీన్నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఒకటే, షెడ్యూల్లో టిఫిన్ బాక్సుల బరువు మీద పరిమితి పెట్టాలి. స్టీలు వద్దు, ప్లాస్టిక్ తెచ్చుకోమనండి.

ఇంకొకటి. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక హైస్కూలు హెడ్మాస్టరు, పిల్లలు మాట వినడం లేదని, చదువు రావడం లేదని వేదనపడి, వాళ్లని ఏమీ అనలేక, వాళ్ల ముందే సాష్టాంగపడి తానే గుంజీళ్లు తీశారు. మంత్రి లోకేశ్ కూడా మెచ్చుకున్నారు. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మీరు మాత్రం ఇలాంటిది చట్టంలోకి రాకుండా కట్టుదిట్టం చేయండి. ఫలితాలు బాగాలేకపోతే పెద్దవాళ్లు గుంజీళ్లు తీయాలన్న సంప్రదాయం ఒకసారి మొదలైతే అది హెడ్మాస్టరు దగ్గర ఆగదు. ఎంఈవో ఆఫీసు, డీఈవో ఆఫీసు, కమిషనరేటు, సచివాలయం... మోకాళ్ల నొప్పులున్న వయసు మీది.

టీచర్ల గురించి రాయకపోవడమే మంచిది

పదకొండు గంటల వేళ ఏదో ఒక జెడ్పీ హైస్కూలు అనుకోండి. లెక్కల సార్ వృత్తానికి స్పర్శరేఖ సగం గీశాడు. ఆఫీసు నుంచి కబురు: యాప్‌లో డేటా అర్జెంటుగా ఎక్కించాలంట. పొద్దున మొహం చూపించి తన హాజరు వేసుకున్నాడు, తర్వాత పిల్లల హాజరు ఎక్కించాడు. కొన్నాళ్ల కిందటైతే మరుగుదొడ్డి ఫొటో తీసి పంపే పని కూడా ఐవార్లదే, 2024లో అది తీసేశారు. సార్ సుద్దముక్క కింద పెట్టి, "లీడర్, చూసుకో" అని వెళ్లాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా గమనించండి, మీ బిల్లుకి అసలు నమూనా ఇదే. లీడర్ లేస్తాడు. బోర్డు మూల గీత గీసి "మాట్లాడిన వారు" అని రాస్తాడు. మొదటి పేరు పడుతుంది. "నేను మాట్లాడలేదు" అని ఆ పేరువాడు మాట్లాడతాడు, పేరు పక్కన ఒక ఇంటూ పడుతుంది. "అన్నాయంరా" అంటాడు పక్కవాడు, వాడి పేరూ ఎక్కుతుంది. లీడర్ పక్కింటి పిల్లోడు మొదట్నుంచీ ముచ్చట్లు పెడుతూనే ఉన్నాడు, వాడి పేరు మాత్రం రాయలేదు. పది నిమిషాలకి ఒక పేరుకి ఏడు ఇంటూలు. అల్లరి తగ్గిందా అంటే లేదు, పెరిగింది, కానీ అంతా రికార్డు అయింది. సార్ తిరిగొచ్చేసరికి గంట కొట్టారు. స్పర్శరేఖ సగంలోనే ఉంది. తుడిచేస్తూ సార్ బోర్డు మూల చూసి, ఆ ఏడు ఇంటూల వాణ్ని లేపి నిలబెట్టాడు. వాడికి శిక్ష పడింది, లీడర్‌కి శభాష్ దొరికింది, లెక్క ఎవరికీ రాలేదు. మీ చట్టం కూడా ఇంతే బాగా నడుస్తుంది.

ఆ సార్‌కి ఇంకో తోడు ఉంటే బాగుండేది కదా అని అసెంబ్లీలో ఎవరైనా అంటారు. 2018 తర్వాత పెద్ద డీఎస్సీ వచ్చింది 2025లోనే, 16,347 టీచరు పోస్టులకి. మధ్యలో ఏడేళ్లు. అప్పుడు ఆరో తరగతిలో చేరిన పిల్ల ఈలోగా ఇంటర్ కూడా దాటేసింది. ఆ ఏడేళ్లలోనే జీవో 117 వచ్చింది, చాలాచోట్ల 3, 4, 5 తరగతుల పిల్లల్ని ఊరి బడి నుంచి తీసి హైస్కూళ్లకి పంపింది, మళ్లీ 2025లో దాన్ని పక్కన పెట్టారు. మూడో తరగతి పాప పెద్దపిల్లల మధ్య నిలబడి బెదిరిపోతే అది ఎవరి క్రమశిక్షణా రాహిత్యం అన్నది ఈ బిల్లు పరిధిలోకి రాదు. ఖాళీ పోస్టు భర్తీ చేయాలంటే జీతం ఇవ్వాలి. చట్టానికి గెజిట్ కాగితం ఖర్చు తప్ప ఏమీ లేదు. ఆర్థిక శాఖ సంతోషంగా సంతకం పెడుతుంది.

హాజరు

రాని పిల్లకి శిక్ష వేయండి. మదనపల్లె చుట్టుపక్కల టమోటా కోతల రోజుల్లో తల్లి తెల్లవారుజామునే తోటకి పోతుంది. ఇంట్లో చంటిపిల్లని చూసుకునేది ఏడో తరగతి చదివే అక్క. టమోటా ధర పెరిగితే కూలి పని దొరుకుతుంది, అక్క బడి మానుతుంది. ధర పడిపోతే చేతిలో డబ్బుండదు, అప్పుడూ మానుతుంది. కుప్పంలో అమ్మానాన్న రైలెక్కి బెంగళూరు పనికి పోతారు, అవ్వ దగ్గర పెరిగే పిల్లోడికి పేరెంట్స్ మీటింగు ఉందన్న సంగతి అవ్వకి తెలిసేసరికి మీటింగు అయిపోతుంది. ఇలాంటివన్నీ 'తల్లిదండ్రుల నిర్లక్ష్యం' అన్న ఒక్క పద్దు కింద వేసేయండి. 75 శాతం హాజరు ఉంటేనే డబ్బు అన్న షరతు అమ్మ ఒడి రోజుల నుంచీ ఉన్నదే. మీరు కొత్తగా చేయాల్సింది, రాని పిల్ల ఇంటికి మనిషిని పంపే బదులు నోటీసు పంపడం. నోటీసుకి జీతం అక్కర్లేదు.

బడి నడిపే కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. ఆ కమిటీ మీటింగులో తల్లుల్ని "పిలకాయలు ఎందుకు అల్లరి చేస్తాండారమ్మా?" అని ఎప్పుడూ అడక్కండి. చెప్పేస్తారు. మీకు పని పెరుగుతుంది. తీర్మానం పుస్తకం చేతికిచ్చి సంతకాలు పెట్టించుకుంటే చాలు.

రిషీవ్యాలీకి వెళ్లాల్సి వస్తే

ఎవరో ఒకరు మిమ్మల్ని రిషీవ్యాలీ బడికి తీసుకెళ్తారు. మదనపల్లెకి దగ్గరే, హార్సిలీ కొండ కింద. పెద్ద బడి చూసి ఫొటో దిగి, "ఇది ఫీజులు కట్టే వాళ్ల బడి, మనకి కుదరదు" అని వచ్చేయండి. ఆ మాట నిజమే కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇబ్బంది వాళ్ల పల్లె బడులతో. దారిలో కారు ఆపనివ్వకండి.

అక్కడ ఒకే గదిలో రకరకాల ఈడు పిల్లలుంటారు. పల్లెటూరి కూలోళ్ల పిల్లలే. గోడకి నిచ్చెనలాంటి పటం, దాని మీద మెట్టుమెట్టుకీ బొమ్మ గుర్తులు. పిల్ల తను ఏ మెట్టు మీదుందో చూసుకుని, అరలోంచి ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని, చాప మీద తన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకి టీచరు కావాలి, ఇంకో గుంపుకి సగం సాయం చాలు, ఒక గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, ఇంకో గుంపు పిల్లలు తమంతట తామే చేసుకుంటారు. కార్డు అయిపోతే పిల్ల లేచి పోయి ఇంకోటి తెచ్చుకుంటుంది, ఎవర్నీ అడగదు. గది నిశ్శబ్దంగా ఉండదు, చిన్న గుసగుస ఉంటుంది, పిల్లలు అటూ ఇటూ నడుస్తుంటారు. మీ బిల్లు ప్రకారం ఆ గదిలో ప్రతి పిల్లా నేరస్థురాలే. కానీ బెత్తం కోసం వెతికితే దొరకదు, వెతకాల్సిన అవసరం కూడా ఎవరికీ కలగలేదన్నట్టుంటారు. ఈ పద్ధతిని రిషీవ్యాలీ వాళ్లు పెట్టెలో పెట్టిన బడి అంటూ బయట రాష్ట్రాలకి కూడా అందించారు. దీనికి కావలసింది కార్డులు, చాపలు, అన్నిటికన్నా ముందు టీచర్లకి శిక్షణ, ఆ తర్వాత వాళ్లని పిల్లల మధ్యే ఉండనివ్వడం. ఇందులో చట్టంగా రాయడానికి ఒక్క వాక్యం కూడా లేదు. అందుకే చెబుతున్నా, కారు ఆపొద్దని.

విదేశీ అధ్యయనం

పర్యటన తప్పనిసరి, అమెరికా అయితే మేలు. వాళ్లు 1994లో తుపాకీ తెచ్చిన విద్యార్థిని ఏడాది పాటు బడి నుంచి పంపెయ్యాలని రాష్ట్రాలకి షరతు పెట్టారు, లేకపోతే కేంద్రం డబ్బు రాదు. షరతు తుపాకీకే. తర్వాత ఊరూరా స్కూళ్లు దాన్ని బొమ్మ తుపాకీకి, చిన్న చాకుకి, నోరు జారిన మాటకి పొడిగించాయి. దానికి పెట్టుకున్న పేరు 'జీరో టాలరెన్స్'. 2008లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వేసిన కమిటీ ఇదంతా చూసి, దీనివల్ల బడులు మరింత భద్రంగా మారాయనడానికి ఆధారం లేదని తేల్చింది. ఆ నివేదిక బరువు లగేజీకి ఎక్కువ, అక్కడే వదిలేయండి. 'జీరో టాలరెన్స్' అన్న మాట మాత్రం తెచ్చుకోండి, ప్రెస్ మీట్‌కి పనికొస్తుంది.

సభలో పెట్టే రోజు

తేదీ చూసుకోండి. నవంబరు 26 మాత్రం వద్దు. 2025లో రాజ్యాంగ దినోత్సవం నాడు అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ పెట్టారు. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది, సర్కారు బడుల పిల్లలు. వాళ్లలో స్పీకరు, ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత అందరూ ఉన్నారు. కుప్పం సీటుకీ ఒక పిల్ల ఉంటుంది, పుంగనూరుకీ ఉంటుంది, మదనపల్లెకీ ఉంటుంది. ఎవరైనా ఉత్సాహవంతుడైన అధికారి "ముందు అక్కడ చర్చకి పెడదాం సార్" అంటాడు. ఒప్పుకోకండి. ఆ వయసు వాళ్లు క్లాజు క్లాజు చదువుతారు. రెండో పేజీలోనే చెయ్యెత్తి, "అధ్యక్షా, ఇందులో సార్ లేని పీరియడ్ల గురించి ఎక్కడుంది?" అంటారు. దానికి మీ దగ్గర సమాధానం లేదు, మాట్లాడిన వారి జాబితాలో పేరు రాయడం తప్ప. ఆ రోజు బోర్డు మీద రాసేది కూడా వాళ్లలోనే ఒకరు.